ఈరోజు ఏదీ కలిసిరాలేదు: ఇంగ్లిష్‌లో సరైన మాట ఎలా ఎంచుకోవాలి?

గత వర్షాకాలంలో మా స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకి ఒకమ్మాయి గంట ఆలస్యంగా వచ్చింది. చున్నీ అంచుల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఒక చేతిలో తెగిన చెప్పు, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన సర్టిఫికెట్ల ఫైలు. ఏమైందమ్మా అని అడగ్గానే గడగడా చెప్పేసింది. "పొద్దున్నే ఎవరి మొహం చూశానో మేడమ్! బస్సు తప్పిపోయింది, ఆటో అతను సగం దారిలో దింపేశాడు, తీరా వెళ్తే ఇంటర్వ్యూ వాయిదా అన్నారు. ఈ చెప్పు కూడా ఇవాళే తెగాలా?" పక్కనున్న అమ్మాయి వెంటనే జరిగి చోటిచ్చి, తన నీళ్ల సీసా చేతిలో పెట్టింది. ఆమె కాస్త కుదుటపడ్డాక "ఇదే ఇంగ్లిష్‌లో చెప్పు" అన్నాను. కాసేపు ఆలోచించి "మై డే ఈజ్ వెరీ బ్యాడ్ మేడమ్" అని ఊరుకుంది.

అర్థమైంది, నిజమే. కానీ అందులో బస్సు లేదు, వాన లేదు, తెగిన చెప్పు లేదు. ఆ పిల్ల పడిన అవస్థ అసలే లేదు. తెలుగులో విని "అయ్యో" అన్న క్లాసు, ఇంగ్లిష్‌లో వినేసరికి తలూపి ఊరుకుంది. ఆమెకి కావలసిన ఇంగ్లిష్ మాటలన్నీ వచ్చు. ఏ మాట ఎక్కడ వాడతారో ఎవరూ చెప్పలేదు. ఆఫీసులో, కాలేజీలో, విదేశంలో హాస్టల్ గదిలో ఇదే ఇబ్బంది పడేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మొదటి మెట్టు: ముందు తెలుగులోనే అనుకోండి

ఇంగ్లిష్ రావాలంటే ఇంగ్లిష్‌లోనే ఆలోచించాలని అందరూ చెబుతారు. ఈ ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. రోజు బాగోలేదని చెప్పడానికి మన దగ్గర ఎన్ని రకాల మాటలున్నాయో చూడండి. ఒళ్లు హూనమైంది అంటాం. ఊపిరి సలపలేదు అంటాం. ఏదీ కలిసిరాలేదు, మనసు బాగోలేదు, చిరాగ్గా ఉంది, ఒంట్లో నలతగా ఉంది అంటాం. ఒక్కోటి ఒక్కో కష్టం. ఒకదాని బదులు ఇంకోటి ఎప్పుడూ వాడం. ఇవన్నీ కలిపి "బ్యాడ్" అనే ఒక్క మూటలో కట్టేసినప్పుడే చిక్కు మొదలవుతుంది.

అందుకని, ఎవరైనా "హౌ వాజ్ యువర్ డే?" అని అడిగితే ఒక్క క్షణం ఆగి, ఇదే ప్రశ్న మీ అమ్మ అడిగితే ఏమని చెప్పేవారో మనసులో అనుకోండి. ఆ తెలుగు మాట దొరికితే సగం పని అయినట్టే.

రెండో మెట్టు: ఆ తెలుగు మాటకి సరిపోయే ఇంగ్లిష్ మాట పట్టుకోండి

అలసటతో మొదలుపెడదాం, అది సులువు. పని ఎక్కువై ఒళ్లు అలిసిపోయిందంటే "ఇట్స్ బీన్ ఎ లాంగ్ డే" చాలు. లాంగ్ అంటే పొడుగు కదా అని సందేహించకండి. పొద్దు ఎంతకీ వాలనట్టు అనిపించిన రోజు అది. ఇందులో ఫిర్యాదు లేదు, ఎవరి మీదా నింద లేదు. అందుకే పై అధికారితో కూడా ధైర్యంగా అనగలిగిన మాట. శరీర శ్రమ బాగా పడితే "హార్డ్ డే". ఒళ్లు హూనమైందనడానికి "ఐయామ్ వోర్న్ అవుట్". ఒంట్లోనే కాదు, మనసులో కూడా సత్తువ మిగల్లేదంటే "ఐయామ్ డ్రెయిన్డ్". డ్రైనేజీలో ఉన్న డ్రెయినే ఇది. ఉన్న నీరంతా కారిపోయి తొట్టి ఖాళీ అయినట్టు. రోజంతా కస్టమర్ల కోపం వింటూ కూర్చున్నవాళ్లకి ఈ మాట సరిగ్గా సరిపోతుంది.

ఊపిరి సలపని రోజుని "హెక్టిక్" అంటారు. మనవాళ్లు బాగానే వాడే మాటే. దీని పుట్టుక తెలిస్తే ఇంకా గుర్తుంటుంది: ఒకప్పుడు క్షయ రోగుల్ని వదలకుండా పట్టి ఉండే జ్వరానికి ఇంగ్లిష్‌లో ఈ పేరు. చెంపలు ఎర్రబడి, ఒళ్లు కాగిపోతూ ఉండేది. ఆ వేడి, ఆ ఉరుకులాట ఇప్పుడు మన ఆఫీసు రోజులకి అంటుకుంది. ఒక్కటి గమనించండి, హెక్టిక్ డే చెడ్డ రోజే కావాలని లేదు. పెళ్లివారింట్లో ముహూర్తం రోజు కూడా హెక్టిక్కే, కానీ ఎంత సంబరం! పని కింద మునిగిపోయి తల పైకెత్తలేకపోతున్నామంటే మాత్రం "ఐయామ్ స్వాంప్డ్" అనాలి. స్వాంప్ అంటే ఊబి. కాళ్లు దిగబడిపోయాయన్నమాట. ఇంకో పని నెత్తిన పెట్టొద్దని మర్యాదగా చెప్పాలంటే "ఐవ్ గాట్ ఎ లాట్ ఆన్ మై ప్లేట్ రైట్ నౌ" అనండి. విస్తరి నిండిపోయింది, ఇంక వడ్డించకండి అని.

ఇక అసలైన చోటికి వద్దాం. ఏదీ కలిసిరాని రోజు. పెద్ద ప్రమాదమేమీ జరగదు. కానీ పొద్దున గీజర్ పని చేయదు, పాలు విరిగిపోతాయి, బస్సు వెళ్లిపోతుంది, ఐడీ కార్డు ఇంట్లో మర్చిపోతాం, మధ్యాహ్నం క్యారేజీ మూత ఊడి పులుసు బ్యాగులో పోతుంది. ఇలాంటి రోజుకి ఇంగ్లిష్‌లో అన్నిటికన్నా చక్కని మాట "ఇట్స్ బీన్ వన్ ఆఫ్ దోజ్ డేస్". ఆ "దోజ్" మీద కాస్త ఒత్తి పలకాలి. "అలాంటి రోజుల్లో ఇదొకటి" అని దాని భావం. ఎలాంటి రోజులో చెప్పదు. చెప్పక్కర్లేదు కూడా, ఎందుకంటే వినేవాళ్లకీ అలాంటివి ఉంటాయి. పొద్దున్నే ఎవరి మొహం చూశానో అని మనం అనేది ఇదే మనసుతో. నింద ఎవరి మీదా నిజంగా వేయం, ఊరికే నిట్టూరుస్తాం. దీనికి తోబుట్టువులాంటిది "ఇట్స్ జస్ట్ నాట్ మై డే". క్యూలో మన వంతు వచ్చేసరికి కౌంటర్ మూసేశారనుకోండి, అప్పుడు ఇది.

కష్టం ఇంకొంచెం ఎక్కువైతే "రఫ్ డే". రఫ్ అంటే గరుకు, గతుకులు. తారు లేచిపోయిన రోడ్డు మీద బస్సు వెనక సీట్లో కూర్చుని వచ్చినట్టు రోజంతా కుదుపులే అని. "టఫ్ డే" దీనికి దగ్గరే, కానీ టఫ్‌లో మనం తట్టుకుని నిలబడ్డామనే ధ్వని కాస్త ఉంది. పరీక్ష గట్టిగా ఉన్న రోజు, కఠినమైన నిర్ణయం తీసుకోవాల్సి వచ్చిన రోజు టఫ్. దెబ్బ మీద దెబ్బ తగిలిన రోజు రఫ్. ఏది వాడాలో తేలకపోతే "రఫ్ డే" అనండి. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ చెల్లుతుంది, స్నేహితుడికీ మేనేజరుకీ సరిపోతుంది.

మనసు బాగోలేనప్పుడు మనం "మూడ్ ఆఫ్" అంటాం. ఇది మన దేశంలోనే నడిచే నాణెం. అమెరికాలో "మై మూడ్ ఈజ్ ఆఫ్" అంటే ఏ స్విచ్ ఆఫ్ అయిందా అని చూస్తారు. "ఐయామ్ ఫీలింగ్ ఎ బిట్ లో టుడే" లేదా "ఐయామ్ ఫీలింగ్ డౌన్" అనండి. ఎవరో మాట అని మనసు నొప్పించారంటే "ఐయామ్ అప్‌సెట్". అనుకున్నది చేతికందకపోతే "ఐయామ్ డిసపాయింటెడ్". ప్రమోషన్ రాని రోజున "బ్యాడ్ డే" అనడం కన్నా "ఐయామ్ ప్రెట్టీ డిసపాయింటెడ్" అంటే ఎదుటివాళ్లకి మీ బాధ ఎక్కడుందో తెలుస్తుంది.

చిరాకు వేరు. కారణం లేకుండా పొద్దున్నుంచి అందరి మీదా విసుక్కుంటుంటే "ఐ వోక్ అప్ ఆన్ ది రాంగ్ సైడ్ ఆఫ్ ది బెడ్" అంటారు. లేచిన వేళ బాగోలేదు అనడానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి చాలామంది దీన్ని కలిసిరాని రోజుకి వాడేస్తారు. అది పొరపాటు. ఈ మాట మన చిరాకు గురించి, రోజు గురించి కాదు. బస్సు తప్పిపోతే ఇది పనికిరాదు, కండక్టర్ మీద ఊరికే అరిస్తే పనికొస్తుంది. విసిగి వేసారిపోవడం అంటే "ఫెడ్ అప్". "ఐయామ్ ఫెడ్ అప్ విత్ దిస్ ట్రాఫిక్" అన్నట్టు, దేనితో విసిగారో "విత్" పెట్టి చెప్పాలి.

ఇంకో రకం రోజు ఉంది. బయట అంతా బాగానే ఉంటుంది, మన పనే సరిగ్గా సాగదు. మంచి బ్యాటర్ కూడా ఒక్కోరోజు సులువైన బంతికి వికెట్ పారేసుకుంటాడు చూడండి, అది "ఆఫ్ డే". "ఐయామ్ హ్యావింగ్ ఎన్ ఆఫ్ డే" అంటే ఈరోజు నా చేయి తిరగడం లేదు అని. మాటల వరస మారిస్తే అర్థం మొత్తం మారిపోతుంది: "డే ఆఫ్" అంటే సెలవు. మన దగ్గర సెలవుని కూడా "ఆఫ్ డే" అనేస్తుంటారు. విదేశీ టీముతో "టుమారో ఈజ్ మై ఆఫ్ డే" అంటే రేపు నేను పని పాడుచేస్తాను అని ముందే చెప్పినట్టు వినిపించే ప్రమాదం ఉంది. "టుమారో ఈజ్ మై డే ఆఫ్" అనండి.

ఒంట్లో నలతగా ఉంటే "ఐయామ్ ఫీలింగ్ అండర్ ది వెదర్". జలుబు, ఒళ్లునొప్పులు, కాస్త జ్వరం, ఈ పాటివాటికే. మనసు బాగోనప్పుడు వాడితే మందు వేసుకున్నావా అని అడుగుతారు.

మూడో మెట్టు: బరువు తూచుకోండి

మాటలకి బరువుంటుంది. "బ్యాడ్" కన్నా "టెర్రిబుల్", "ఆఫుల్" బరువు. ఇక్కడ ఒక గుంట ఉంది, జాగ్రత్తగా దాటండి. "టెర్రిబుల్" అంటే ఘోరం, "టెర్రిఫిక్" అంటే అద్భుతం. రెండూ భయం అనే ఒకే మూలంలోంచి వచ్చి ఎదురెదురు దారులు పట్టాయి. "ఆఫుల్", "ఆసమ్" కథ కూడా అంతే. కష్టపడిన రోజున "ఐ హ్యాడ్ ఎ టెర్రిఫిక్ డే" అని చెప్పి, అవతలివాళ్లు కంగ్రాట్స్ అంటే బిత్తరపోయినవాళ్లు మా క్లాసులోనే ఉన్నారు.

"లౌజీ డే" తేలికైన మాట, స్నేహితుల మధ్యే బాగుంటుంది. లౌస్ అంటే పేను, అందులోంచి పుట్టింది. "ఎ డే ఫ్రమ్ హెల్" నరకం చూపించిన రోజు. బాగా దగ్గరివాళ్లతో తప్ప అనకండి.

ఇదే చోట నాకెంతో ఇష్టమైన రెండు మాటల గురించి చెప్పాలి. "డిస్మల్" అంటే ఇప్పుడు దిగులుగా, నిరాశగా ఉన్నది అని అర్థం. మధ్యయుగాల యూరప్ క్యాలెండర్లలో నెలకి రెండు చొప్పున కీడు రోజులు గుర్తించి పెట్టుకునేవాళ్లు. లాటిన్‌లో వాటిని చెడ్డ రోజులు అనే అర్థంలో "డియేస్ మాలి" అనేవారు. అదే ఫ్రెంచి నోట్లో నలిగి "డిస్మల్" అయింది. మన పంచాంగంలో వర్జ్యం, దుర్ముహూర్తం చూసుకుని ప్రయాణం వాయిదా వేసుకోవడం మనకొక్కరికే ఉందనుకుంటాం. వాళ్లకీ ఉండేది, ఈ మాట దాని గుర్తు. ఇక "డిజాస్టర్" మరీ దగ్గరి చుట్టం. అందులో ఉన్న "ఆస్టర్" అంటే నక్షత్రం. చెడు నక్షత్రం, అంటే అచ్చంగా మన గ్రహచారం బాగోలేకపోవడమే. "ది మీటింగ్ వాజ్ ఎ డిజాస్టర్" అంటే మీటింగ్ పూర్తిగా చెడిపోయిందని. రోజుకన్నా జరిగిన ఒక పనికి ఇది బాగా నప్పుతుంది.

నాలుగో మెట్టు: వినేది ఎవరో చూసుకోండి

అమెరికాలో దుకాణంలో బిల్లు వేసే మనిషి "హౌ ఆర్ యు?" అంటే అది నమస్కారం లాంటిది, ప్రశ్న కాదు. మన ఊళ్లో "ఏంటి, బజారుకా?" అని పలకరించినట్టు. అక్కడ కష్టాలు చెప్పుకోనక్కర్లేదు, "గుడ్, థాంక్స్" చాలు. అబద్ధం చెప్పినట్టు బాధపడకండి. తెలిసిన సహోద్యోగి అడిగితే "ఐవ్ బీన్ బెటర్" అనొచ్చు. ఇంతకన్నా బాగున్న రోజులున్నాయి అని దాని భావం. ఆ మాటతో తలుపు సగం తెరిచినట్టు. కావాలంటే ఆయన ఇంకో ప్రశ్న వేస్తాడు, లేదంటే మర్యాదగా సాగిపోతాడు. "హ్యాంగింగ్ ఇన్ దేర్" అంటే ఎలాగో నెట్టుకొస్తున్నాను అని.

బ్రిటిష్ వాళ్లతో పనిచేసేవాళ్లు తగ్గించి చెప్పడం నేర్చుకోవాలి. వాళ్లు "నాట్ ది బెస్ట్ డే" అంటే రోజు బాగా చెడిపోయిందని. దీనికి 1992 నవంబర్ 24న లండన్ గిల్డ్‌హాల్‌లో రెండో ఎలిజబెత్ రాణి చేసిన ప్రసంగం మంచి ఉదాహరణ. ఆ ఏడాది కుటుంబంలో కొడుకులు, కూతురు పెళ్లిళ్లు బీటలు వారాయి. ప్రసంగానికి 4 రోజుల ముందే విండ్సర్ కోటలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఇంత జరిగాక ఆమె అన్నది, ఆ సంవత్సరాన్ని తాను "అన్‌డైల్యూటెడ్ ప్లెజర్"తో వెనక్కి తిరిగి చూసుకోలేనని. అంటే కల్తీలేని ఆనందంతో గుర్తు చేసుకోలేను అని. ఏడుపు గొంతులోనే ఆపుకుని మాట్లాడే పద్ధతి అది. లండన్ మేనేజర్ "ఇట్స్ బీన్ ఎ బిట్ ఆఫ్ ఎ డే" అంటే తేలిగ్గా తీసుకోకుండా, ఏమైందో అడగండి.

కొన్ని మాటలు సముద్రం దాటితే అర్థం మార్చుకుంటాయి. "పిస్డ్" అంటే అమెరికాలో కోపం, బ్రిటన్‌లో తాగి ఉండటం. రెండు చోట్లా మొరటు మాటే, కాబట్టి వదిలేయండి. "నాకర్డ్" అంటే బ్రిటన్‌లో బాగా అలిసిపోవడం, స్నేహితులతో సరే, క్లయింటుతో వద్దు. చివరి నిమిషంలో ఆశ అడియాసైతే అక్కడివాళ్లు "గటెడ్" అంటారు, మన "పేగులు తోడేసినట్టుంది" లాంటిది.

అయిదో మెట్టు: పొద్దు ఎక్కడుందో చూసి క్రియ పెట్టండి

ఇది చిన్న విషయమే, త్వరగా చెప్పేస్తాను. ఉదయం 11కే తల తిరిగిపోతోంది, రోజు ఇంకా నడుస్తోంది: "ఐయామ్ హ్యావింగ్ ఎ రఫ్ డే". సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతున్నారు: "ఐవ్ హ్యాడ్ ఎ రఫ్ డే" లేదా "ఇట్స్ బీన్ ఎ రఫ్ డే". నిన్నటి సంగతి: "ఐ హ్యాడ్ ఎ రఫ్ డే ఎస్టర్‌డే". మధ్యలో ఉన్న ఆ పొట్టి "ఎ" మింగేయకండి. "టుడే మై డే" అని మొదలుపెట్టడం కూడా మానేయండి. ఈరోజు నా రోజు అని తెలుగులో కూడా అనం కదా.

ఆరో మెట్టు: ఒక్క సాక్ష్యం జోడించండి

రోజు బాగోలేదని ఒక్క మాట అని ఆగిపోతే వినేవాళ్లకి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. వెంటనే జరిగినదాంట్లోంచి ఒకటి రెండు ముక్కలు చెప్పండి. కష్టం మీద కష్టం వచ్చినప్పుడు మనం మూలిగే నక్క మీద తాటిపండు అంటాం, గోరుచుట్టు మీద రోకటిపోటు అంటాం. వీటిని ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో పెడితే నక్క సంగతి వివరించడంతోనే సరిపోతుంది. దానికి బదులు "టు మేక్ మ్యాటర్స్ వర్స్" లేదా "టు టాప్ ఇట్ ఆల్ ఆఫ్" అని మొదలుపెట్టి చివరి దెబ్బ చెప్పండి. ఇంక ఓపిక పట్టలేనంత అయితే "దట్ వాజ్ ది లాస్ట్ స్ట్రా". ఒంటె మీద బరువు వేస్తూ పోతే ఆఖరి గడ్డిపరకకి నడుం విరిగిందట, ఆ గడ్డిపరక ఇది.

ఆ రోజు ఆ అమ్మాయి చేత బోర్డు దగ్గర ఒక్కో వాక్యం కట్టించాను. చివరికి ఇలా వచ్చింది: "ఇట్స్ బీన్ వన్ ఆఫ్ దోజ్ డేస్. ఐ మిస్డ్ మై బస్, గాట్ సోక్డ్ ఇన్ ది రెయిన్, అండ్ దెన్ దే పోస్ట్‌పోన్డ్ ది ఇంటర్వ్యూ. టు టాప్ ఇట్ ఆల్ ఆఫ్, మై శాండల్ బ్రోక్." మొత్తం కలిపినా పావు నిమిషం పట్టదు. మొదటిసారి తడబడింది, రెండోసారి "దోజ్" దగ్గర ఆగి ఒత్తి పలికింది, మూడోసారి తెగిన చెప్పు పైకెత్తి చూపించింది. అప్పుడు క్లాసు మొత్తం "ఓ నో" అంది. తెలుగులో చెప్పినప్పుడు ఎలా స్పందించారో అలాగే.

దారిలో ఉన్న గుంటలు

మన తెలుగు మాటలు కొన్ని ఇంగ్లిష్ చొక్కా తొడుక్కుని తిరుగుతుంటాయి. ఇండియాలో అందరికీ అర్థమవుతాయి కాబట్టి ఇక్కడ వాడితే తప్పని నేను అనను. బయటివాళ్లతో మాట్లాడేటప్పుడు మాత్రం మార్చుకోండి.

"ఐయామ్ గెట్టింగ్ టెన్షన్" బదులు "ఐయామ్ స్ట్రెస్డ్" లేదా, రేపటి గురించి భయమైతే, "ఐయామ్ వరీడ్ అబౌట్ టుమారో". టెన్షన్ అంటే వాళ్లకి ఎక్కువగా ఇద్దరి మధ్య బిగుసుకున్న వాతావరణం. "హి ఈజ్ ఈటింగ్ మై హెడ్" అంటే విని హడలిపోతారు. "హి ఈజ్ డ్రైవింగ్ మి క్రేజీ" అనండి. "మై బీపీ ఈజ్ రైజింగ్" అంటే ఆసుపత్రికి ఫోన్ చేస్తారు. "మై టైమ్ ఈజ్ బ్యాడ్" అసలే పనికిరాదు. నా టైమ్ బాగోలేదని మనం అనేది ఒక్క రోజు గురించి కాదు, నెలల తరబడి నడుస్తున్న గడ్డుకాలం గురించి. దానికి "ఐయామ్ గోయింగ్ త్రూ ఎ రఫ్ ప్యాచ్" ఉంది. రఫ్ డే నిద్రపోతే పోతుంది, రఫ్ ప్యాచ్ పోదు. ఈ తేడా గుర్తుంచుకోండి.

బ్యాడ్ డే అనకూడని రోజులు

ఇంట్లో మనిషి పోయిన రోజుకి పైన చెప్పినవేవీ వాడకండి. "మై గ్రాండ్‌ఫాదర్ పాస్డ్ అవే లాస్ట్ నైట్" అని నేరుగా చెప్పండి. మన దగ్గర "ఎక్స్‌పైర్డ్" అనడం అలవాటు. వేరే దేశాల్లో ఆ మాట గడువు తీరిన మందులకీ పాస్‌పోర్టులకీ వాడతారు, మనిషికి వాడితే వినేవాళ్ల మనసు చివుక్కుమంటుంది. సెలవు మెయిల్‌లో రెండు వాక్యాలు చాలు: కుటుంబంలో మరణం జరిగింది, ఇన్ని రోజులు రాలేను. "దేర్ హ్యాజ్ బీన్ ఎ డెత్ ఇన్ మై ఫ్యామిలీ" అంటే ఎవరూ వివరాలు అడగరు.

"డిప్రెస్డ్" అనే మాట గురించి కూడా జాగ్రత్త. మార్కులు తగ్గాయని, సిగ్నల్ రాలేదని మనం డిప్రెషన్ అనేస్తుంటాం. అమెరికాలో ఒక విద్యార్థి ప్రొఫెసర్‌కి "ఐయామ్ డిప్రెస్డ్" అని రాస్తే దాన్ని అనారోగ్యంగానే తీసుకుంటారు, కౌన్సెలర్‌తో మాట్లాడమనవచ్చు. ఒక్క రోజు దిగులుకి "ఫీలింగ్ లో" సరిపోతుంది.

కానీ ఈ మాటని చిన్నది చేసి నిజమైన బాధని దాచేయమని మాత్రం నేను చెప్పడం లేదు. వారాల తరబడి నిద్రలేకపోతే, అన్నం సహించకపోతే, పొద్దున లేవడమే భారమైతే, "రఫ్ డే" అని నవ్వేసి ఊరుకోకండి. "ఐవ్ బీన్ స్ట్రగ్లింగ్ లేట్లీ అండ్ ఐ నీడ్ హెల్ప్" అని నమ్మకమున్న మనిషితో అనండి. ఇల్లు వదిలి దూరంగా ఉన్న మన పిల్లలకి ఈ ఒక్క వాక్యం కంఠతా రావాలని నా కోరిక. మనసు బాధల్లో సాయం చేసే ఫోన్ నంబర్లు ఇవి: ఇండియాలో టెలీ మానస్‌కి 14416, అమెరికాలో 988, బ్రిటన్‌లో సమారిటన్స్‌కి 116 123. ఏ వేళలోనైనా పలుకుతారు, ఫోన్ ఉచితం. టెలీ మానస్‌తో తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడ సరైన మాట కోసం వెతుక్కోవాల్సిన పనిలేదు, ఎలా వస్తే అలా చెప్పండి.

ఆఖరి మెట్టు: ఎదుటివాళ్లు చెప్పినప్పుడు

మన "అయ్యో" లాంటి మాట ఇంగ్లిష్‌లో ఒక్కటి లేదు. అందులో జాలి, ఆశ్చర్యం, దగ్గరితనం అన్నీ ఉన్నాయి. అక్కడ రెండు మూడు మాటలతో సర్దుకోవాలి. చిన్న కష్టానికి "ఓ నో!". కాస్త పెద్దదానికి "దట్ సౌండ్స్ రఫ్". ఇంకా పెద్దదానికి "ఐయామ్ సో సారీ టు హియర్ దట్". నేనేం తప్పు చేశానని సారీ చెప్పాలి అని మా క్లాసులో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. ఇక్కడ సారీ క్షమాపణ కాదు, మీ బాధ విని నాకూ బాధ కలిగింది అని.

"డోంట్ వరీ, బీ హ్యాపీ" అని వెంటనే సలహా ఇవ్వకండి. అది తలుపు మూసేసినట్టు ఉంటుంది. "డు యు వాంట్ టు టాక్ అబౌట్ ఇట్?" అని అడిగి, ఊరుకుని వినండి. వాళ్లు వద్దంటే "ఐయామ్ హియర్ ఇఫ్ యు నీడ్ మి" చాలు.

ఆ రోజు నీళ్ల సీసా ఇచ్చిన అమ్మాయిని కూడా నిలబెట్టి, నువ్వేమంటావో చెప్పు అన్నాను. ఆమె బోర్డు వైపు చూడలేదు. "ఓ నో, దట్ సౌండ్స్ ఆఫుల్" అని, పక్కకి తిరిగి, తన సంచిలోంచి తువ్వాలు తీసి ఇస్తూ "హియర్, డ్రై యువర్ హెయిర్ ఫస్ట్" అంది.